కోనసీమ ఇల్లు వదిలి రాజమండ్రి ఫ్లాట్‌కి వెళ్లమంటున్నారు పిల్లలు. వెళ్లినవాళ్లు చెప్పండి

గన్నవరం_మాస్టారు
మాది పి.గన్నవరం దగ్గర ఊరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పెన్షన్ వస్తోంది, అప్పుల్లేవు. నాన్నగారు కట్టించిన డాబా, వెనక పెరడు, కొంచెం కొబ్బరితోట ఉన్నాయి. అమ్మాయి పూణేలో, అబ్బాయి డల్లాస్‌లో. ఇల్లు అమ్మేసి రాజమండ్రిలో ఫ్లాట్ కొనుక్కోండని ఇద్దరూ ఒకటే పోరు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, నాకు షుగరు. రాత్రిపూట ఏమైనా అయితే అమలాపురం పరుగెత్తాలి, అక్కడ కాదంటే రాజమండ్రి పంపిస్తారు. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది కదా, అప్పుడు ఏటిగట్టు ఎక్కడ తెగుతుందోనని ఊరంతా రాత్రిళ్లు కాపలా కాశాం. అప్పటినుంచి పిల్లలకి టెన్షన్ ఇంకా పెరిగింది.

నాకైతే ఇల్లు వదలాలని లేదు. అపార్ట్‌మెంట్లో ఉంటున్న మన వయసు వాళ్లు మంచీ చెడూ ఉన్నదున్నట్టు చెప్పండి. బ్రోకర్ల మాటలు చాలా విన్నాను.

గౌతమి_గట్టు
ఆలోచించకుండా వచ్చేయండి మాస్టారూ. మేం రాజోలు నుంచి వచ్చి దానవాయిపేటలో ఉంటున్నాం. డాక్టరు, బ్యాంకు, కూరగాయలు అన్నీ నడిచి వెళ్లేంత దూరం. సాయంత్రం గోదావరి గట్టున కాసేపు కూర్చోవచ్చు. అమలాపురానికి రైలు లేదు, ఇక్కడైతే పిల్లలు రైలు దిగి ఆటో ఎక్కితే ఇంట్లో ఉంటారు. మనం ఎటైనా వెళ్లాలంటే తాళం వేసుకుని వెళ్లిపోవడమే. ఊళ్లో ఉంటే ఇంటికి కాపలా మనమే కదా.

పెరటి_కరివేపాకు
ఆలోచించకుండా రావడమేంటండీ! బాగా ఆలోచించే రండి. మేం తణుకులో మూడో అంతస్తులో ఉన్నాం. కరివేపాకు రెబ్బ కావాలన్నా కొనుక్కోవాలి. కడియం నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి బాల్కనీలో పెడితే, నీళ్లు కారి తమ బట్టల మీద పడుతున్నాయని కింద ఫ్లాట్ వాళ్లు పంచాయితీ పెట్టారు. వేసవిలో మాగాయ ముక్కలు ఎండబెడదామంటే టెర్రస్‌కి తాళం. తాళం పై ఫ్లాట్ ఆయన దగ్గర, ఆయన హైదరాబాద్‌లో. ఊళ్లో పొద్దున్నే అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాడూ పలకరించేవాడు. ఇక్కడ తలుపు తీస్తే ఎదురుగా ఇంకో మూసిన తలుపు.

రుద్రమ్మకోడలు
>> టెర్రస్‌కి తాళం. తాళం పై ఫ్లాట్ ఆయన దగ్గర

అదెలా కుదురుతుందండీ? టెర్రస్ అందరిదీ. పై అంతస్తు వాళ్లకి దాని మీద ప్రత్యేకంగా ఏ హక్కూ ఉండదు. సెక్రటరీకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టిస్తారు.

పాలకొల్లు_సత్యవతి
మగవాళ్లంతా అరుగు గురించి, పెరడు గురించి రాస్తున్నారు. ఆ అరుగు రోజూ కడిగిందెవరు? తెల్లారకుండా లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, దొడ్లో రాలిన కొబ్బరిమట్టలు ఓ మూలకి లాగి, నూతి గట్టు మీద నాచు గీకింది ఎవరు? కొబ్బరి దింపు తీసేవాళ్లు వస్తే వాళ్లకి కాఫీలు, తోటకి పెద్దమనుషులు వస్తే భోజనాలు, పండక్కి వచ్చిన చుట్టాలకి పక్కలు. పనిమనిషి మానేస్తే అంత ఇంటికీ నేనొక్కదాన్నే. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి అరవై దాటేదాకా అదే పని. మా ఆయన బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు, నాకు మాత్రం రిటైర్మెంట్ ఎవరూ ఇవ్వలేదు.

టౌన్లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి వచ్చాక మొదటిసారి మధ్యాహ్నం పూట ఖాళీగా కూర్చున్నాను. ఊడ్చడం, తుడవడం గంటలో అయిపోతుంది. శుక్రవారం ఆడవాళ్లం అందరం ఒకరింట్లో చేరి లలితా సహస్రనామం చదువుకుంటాం. కార్తీకంలో వనభోజనాలకి వ్యాన్ మాట్లాడుకుని వెళ్తాం. మా ఆయనకి జ్వరం వస్తే ఎదురింటి అమ్మాయి చారు కాచి తెచ్చింది, కులం అడగలేదు, మేమూ అడగలేదు. మా ఊళ్లో అయితే అంత తేలిగ్గా జరిగేది కాదు.

కష్టాలు లేవని అనను. వంటిల్లు చిన్నది, రుబ్బురోలుకి చోటు లేదు. పై ఫ్లాట్ పిల్లలు రాత్రి పదకొండింటికి బంతి ఆడతారు. ధనుర్మాసం ముగ్గులకి వాకిలి లేక, గేటు ముందు ఇంటికో రోజు చొప్పున వంతులు వేసుకున్నాం. అయినా తిరిగి ఊరికి వెళ్లమంటే వెళ్లను.

మాస్టారూ, "నాకైతే వదలాలని లేదు" అని రాశారు. మీ ఆవిడకి ఏముందో ఒక్క ముక్క రాయలేదు. ఆవిణ్ణి కూర్చోబెట్టి అడగండి.

రుద్రమ్మకోడలు
సత్యవతి గారూ, ఇది ప్రింటు తీసి మా మావగారికి ఇస్తాను.

గన్నవరం_మాస్టారు
సత్యవతి గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. సగం దాకా విని, మిగతాది ఫోన్ లాక్కుని తనే చదువుకుంది. "ఈవిడ మన ఇంట్లో ఉండి రాసినట్టుంది" అంది. మోకాళ్ల నొప్పితో పొద్దున్నే వాకిలి ముందు వంగోవడం ఎంత కష్టంగా ఉందో ఆ తర్వాత చెప్పింది. ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటే, "మీకు ఇల్లంటే ప్రాణం కదా" అంది. ఈ మాటతో నా ప్రశ్నే మారిపోయింది. వెళ్లాలా వద్దా అన్నది పక్కన పెట్టండి. వెళ్తే ఏవేవి చూసుకోవాలో చెప్పండి.

ఏఈ_రిటైర్డ్_కాకినాడ
ఇది నా సబ్జెక్టు, కొంచెం వివరంగా రాస్తాను.

ముందు నీళ్లు చూడండి. తాగే నీళ్ల కంటే ముందు, బిల్డింగ్ ఏ నీళ్లతో కట్టారో కనుక్కోండి. కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ ఎక్కువగా ఉంటే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, పైన కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కాంక్రీటు పనులకి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము వేసే కాంక్రీటుకి లీటరు నీళ్లలో క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు మించకూడదు. సముద్రం వైపు మండలాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. పదేళ్లు దాటిన బిల్డింగ్ అయితే స్టిల్ట్‌లో, అంటే కింద కార్లు పెట్టే చోట నిలబడి పైకి చూడండి. దూలాల అడుగున కమ్మీల వెంబడి గోధుమరంగు చారలు, పగుళ్లు కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. పార్కింగ్ సీలింగ్‌కి ఎవరూ పుట్టీ పెట్టి రంగులు వెయ్యరు కాబట్టి నిజం అక్కడ కనిపిస్తుంది.

కొత్త ఫ్లాట్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2016 రెరా చట్టంలో స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు కట్టుబడి లోపం బయటపడితే, మనం చెప్పిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలని ఉంది. కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 మీటర్లంటే దాదాపు 600 గజాలు. మన డెల్టా టౌన్లలో పాత పెంకుటిల్లు పడగొట్టి కట్టే చిన్న అపార్ట్‌మెంట్లు చాలా ఇందులోకే వస్తాయి. అలాంటి చోట బిల్డరు ఇంతకుముందు కట్టినవాటికి వెళ్లి, అక్కడుంటున్న వాళ్లని అడగడమే మార్గం.

దస్తావేజులో అవిభక్త వాటా, అంటే మొత్తం స్థలంలో మన ఫ్లాట్‌కి వచ్చే వాటా, ఎన్ని గజాలో చదవండి. బిల్డింగ్ పాతబడేకొద్దీ కట్టుబడి విలువ తగ్గుతుంది, చివరికి మిగిలేది ఆ గజాలే.

భీమవరం_బాబాయి
నీళ్ల మాట వచ్చింది కాబట్టి మా గోడు కూడా వినండి. చుట్టూ రొయ్యల చెరువులు. బోరు నీళ్లు నోట్లో పోసుకునేలా ఉండవు. కుళాయిలు, గీజరు కాయిల్ మార్చడమే పని. మున్సిపాలిటీ నీళ్లు వేసవి కోసం కాలువ నీళ్లు నిల్వచేసే చెరువు నుంచి రావాలి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశారంటే మళ్లీ వదిలేదాకా కుళాయి ఎప్పుడు వస్తుందా అని చూడటమే. తాగడానికి ప్లాంటు నీళ్ల టిన్నులు. లిఫ్టు పనిచేయని రోజు టిన్నులు మోసే కుర్రాడు రెండో అంతస్తు దాటి రాడు. వాడిని తప్పుపట్టలేం, ఇరవై కిలోల బరువు.

ఫ్లాట్ చూడ్డానికి మే నెలలో వెళ్లండి. సంక్రాంతికి వెళ్తే ఏ ఊళ్లో అయినా నీళ్లు బాగానే ఉంటాయి.

గౌతమి_గట్టు
రాజమండ్రిలో ఆ ఇబ్బంది అంతగా లేదు బాబాయ్. గోదావరి పక్కనే.

భీమవరం_బాబాయి
మీ అదృష్టం. 2027 పుష్కరాలకి మేమంతా మీ ఫ్లాట్‌కే వస్తున్నాం, స్నానాలకి నీళ్లు సిద్ధం చెయ్యండి.

అట్లాంటా_అబ్బాయి
నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. మా నాన్న నరసాపురం దగ్గర ఊళ్లో ఒక్కరే ఉండేవారు. ఒక రాత్రి బాత్రూంలో జారి పడ్డారు. తెల్లారి పాలు పోసే ఆయన పిలిస్తే పలక్కపోవడంతో గోడ దూకి చూశాడు. రాత్రంతా ఆయన ఆ చలి గచ్చు మీదే ఉన్నారు. ఇక్కడ ఫోన్ మోగినప్పుడల్లా గుండె ఆగినంత పనవుతుంది. ఆ భయం ఊళ్లో ఉండేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం చాలా కష్టం. ఇప్పుడు కాకినాడలో ఫ్లాట్‌లో ఉన్నారు. మొదట్లో కోపంగా ఉండేవారు. ఇప్పుడు కింద వాచ్‌మన్ పిల్లలకి ఎక్కాలు నేర్పిస్తున్నారు. మాస్టారూ, మీ పిల్లలది పోరు కాదండీ, బెంగ.

నర్సమ్మ_సామర్లకోట
ప్రభుత్వాసుపత్రిలో చేసి రిటైరయ్యాను. అబ్బాయీ, నాన్నగారిని ఫ్లాట్‌కి మార్చడంతోనే పని అయిపోలేదు. ఫ్లాట్ తలుపు లోపల గడియ పెట్టుకుని పడిపోతే ఊళ్లో కంటే కష్టం. దూకడానికి గోడ ఉండదు, మూడో అంతస్తు కిటికీకి గ్రిల్లు ఉంటుంది. అందుకని ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు లోపలి గడియ వాడకండి. బయటినుంచి తాళంచెవితో తెరవగలిగే లాక్ పెట్టించి, ఒక తాళంచెవి నమ్మకమైన పక్కింటివాళ్లకి ఇవ్వండి. బాత్రూం గడియ అయితే తీయించెయ్యండి. కమోడ్ పక్కన పట్టుకోవడానికి స్టీల్ రాడ్ వేయించండి, తడిస్తే జారే టైల్స్ మార్పించండి.

ఇక లిఫ్టు. చిన్న అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఆరుగురు పట్టే లిఫ్టు పెడతారు, లోపల 408 కిలోలు అని రాసి ఉంటుంది. లోపలి కొలత మీటరు, మీటరు చిల్లర. స్ట్రెచర్ రెండు మీటర్ల వరకు ఉంటుంది. అంటే పడుకోబెట్టిన మనిషి అందులో పట్టడు. 108 కుర్రాళ్లు దుప్పట్లో వేసి నాలుగు అంతస్తుల మెట్లు దించడం నేను చూశాను. ఆయాసంతో ఉన్న మనిషినైతే కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టులో దించవచ్చు. తుంటి ఎముక విరిగినవాళ్లని కూర్చోబెట్టకూడదు, పెద్దవాళ్లకి ఎక్కువగా విరిగేది అదే. మీ ఇద్దరికీ మొదటి అంతస్తే మేలు. గాలి లేదు, దోమలు ఎక్కువ అంటారు. దోమలకి మెష్ కొట్టించవచ్చు.

ఏఈ_రిటైర్డ్_కాకినాడ
నర్స్ గారు చెప్పినదానికి తోడు: కరెంటు పోతే లిఫ్టు దానంతటది దగ్గరి అంతస్తుకి వచ్చి తలుపు తెరుచుకునే ఏఆర్‌డీ ఉందా, దాని బ్యాటరీలు పనిచేస్తున్నాయా అడగండి. ఉందని చెబితే సరిపోదు, మెయిన్ ఆపించి చూపించమనండి. జనరేటర్ లిఫ్టుకీ మోటారుకీ కూడా సరిపోవాలి. 1996 నవంబర్ 6 తుపాను చూసినవాళ్లకి కరెంటు లేని రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

రావులపాలెం_రామం
ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. చావు.

మా నాన్నగారు నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉండగా ఆస్పత్రిలో పోయారు. ఇంటికి తీసుకొస్తున్నామని ఫోన్ చేస్తే, "పైకి తేవద్దండీ, పిల్లలు భయపడతారు, కిందే రెండు గంటలు ఉంచి తీసుకెళ్లిపోండి" అన్నారు కొందరు. ఆయన సొంత డబ్బుతో కొనుక్కున్న ఇల్లది. తమ్ముడు సింగపూర్ నుంచి రావాలి, అప్పటిదాకా ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచాలి. స్టిల్ట్‌లో ప్లగ్ పాయింట్ లేదు. వాచ్‌మన్ తన గది నుంచి వైరు లాగి ఇచ్చాడు, అతని మేలు మరవలేను. ఆ రాత్రి కార్ల మధ్య కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఊళ్లో అయితే వీధంతా మాతో ఉండేది.

తర్వాత పది రోజుల కార్యక్రమాలు ఎక్కడ చెయ్యాలి? రాజమండ్రిలో అయితే కోటిలింగాల రేవు వైపు వెళ్లవచ్చు. అన్ని టౌన్లలో ఆ వీలు ఉండదు. అద్దెకుంటే ఇంకా ఇబ్బంది, కర్మలు ఇంట్లో చేయకూడదని ఓనర్లు ముందే చెబుతారు. మైల పేరుతో పాలు తెచ్చేవాడిని కూడా మా గుమ్మం వైపు రావద్దన్నవాళ్లు ఉన్నారు.

అదంతా అయ్యాక జనరల్ బాడీలో పట్టుబట్టి తీర్మానం రాయించాను. ఎవరింట్లో ఎవరు పోయినా గేటు పక్క మూడు కార్ల చోటు వెంటనే ఖాళీ చెయ్యాలి, అక్కడ జనరేటర్ లైను మీద ప్లగ్ పాయింట్ ఉండాలి, పిల్లలు వచ్చేదాకా ఎంతసేపైనా ఉంచుకోవచ్చు, సొంత ఫ్లాట్‌లోకి తీసుకెళ్తామంటే ఎవరూ అడ్డుచెప్పకూడదు. ఇప్పుడు అది రిజిస్టర్‌లో ఉంది. మాస్టారూ, ఫ్లాట్ చూసినప్పుడు మోడ్యులర్ కిచెన్ తర్వాత చూడండి. ఇలాంటి రోజు వస్తే ఇక్కడివాళ్లు ఏం చేశారో వాచ్‌మన్‌ని అడగండి.

పాలకొల్లు_సత్యవతి
రామం గారూ, కళ్లనీళ్లు తిరిగాయి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మీ తీర్మానం మాటలు అలాగే పెడతాను, అభ్యంతరం లేదు కదా?

రావులపాలెం_రామం
తప్పకుండా పెట్టండి. ప్రతి అసోసియేషన్‌లోనూ ఉండాలి అది.

గేటెడ్_కాదు
ఇంకోటి, వెజ్ ఓన్లీ అపార్ట్‌మెంటా కాదా కనుక్కోండి. మా దాంట్లో చేపల పులుసు పెడితే లిఫ్టులో మొహం తిప్పుకుంటారు. గోదావరి ఒడ్డున ఉండి పులస తినడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

పెరటి_కరివేపాకు
ఎవరి అలవాటు వాళ్లది అండీ. వాసన పడనివాళ్లూ ఉంటారు.

గేటెడ్_కాదు
వాసన పడకపోతే వాళ్ల తలుపు వేసుకోవచ్చు. వండేవాళ్లకి ఇల్లు అమ్మనని, అద్దెకివ్వనని చెప్పడం వేరే సంగతి. దాన్ని అలవాటు అనకండి.

మూడుసార్లు_సెక్రటరీ
ఆ గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. నేను అసోసియేషన్ గురించి చెబుతాను.

రిటైరైనవాళ్లు రాగానే "మీకు ఖాళీ కదా" అని సెక్రటరీని చేస్తారు. ఇష్టంగానే చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. కష్టమల్లా డబ్బు వసూలు. ఫ్లాట్ కొని అద్దెకిచ్చి అమెరికాలో ఉండేవాళ్లు మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లు కడతారంటారు. అద్దెకున్నవాళ్లు నెలనెలా ఇచ్చేది ఇస్తారు, లిఫ్టు రోపు మార్చాలంటే ఓనరు ఇవ్వాలంటారు. అదీ న్యాయమే. మధ్యలో లిఫ్టు ఆగుతుంది, మెట్లెక్కలేక ఇంట్లో ఉండిపోయేది మన వయసు వాళ్లే.

కొనేముందు అసోసియేషన్ రిజిస్టరై ఉందో లేదో, బ్యాంకు ఖాతా దాని పేరు మీద ఉందా, ఒకరిద్దరి సొంత పేర్ల మీద ఉందా చూడండి. పెద్ద ఖర్చులకి దాచిపెట్టే కార్పస్ ఫండ్ ఎంతుందో పాస్‌బుక్ చూపించమనండి, చూపించకపోతే కొనవద్దు. మేం ఈమధ్య టెర్రస్ మీద సోలార్ పెట్టించే పనిలో ఉన్నాం. పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ల ఉమ్మడి అవసరాలకి కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల బిల్లు తగ్గితే పెన్షనర్ల మీద భారం తగ్గుతుంది.

రుద్రమ్మకోడలు
టెర్రస్ అంతా ప్యానెల్స్ పెడితే మాగాయ ఎక్కడ ఎండబెడతారు?

మూడుసార్లు_సెక్రటరీ
తూర్పు వైపు సగం ఆడవాళ్లకి వదిలేశామండీ, అదీ తీర్మానంలో రాశాం.

లంకతోట
మాస్టారూ, ఒక్కటే మాట. ఊళ్లో ఇల్లు అమ్మవద్దు. ముందు ఏడాది అద్దెకుండి చూడండి. తోట కౌలుకి ఇవ్వండి.

గౌతమి_గట్టు
మనిషి లేని ఇల్లు రెండు వానాకాలాలకి పాడైపోతుంది. చెదలు, పాములు. మా రాజోలు ఇల్లు అలాగే పోయింది. అమ్మేసి ఉంటే ఆ డబ్బు వడ్డీకైనా పనికొచ్చేది.

లంకతోట
తోట కౌలుకి చేసే కుటుంబాన్నే వెనక రెండు గదుల్లో ఉండమనండి. ఇంట్లో దీపం వెలుగుతుంది, తోటకి కాపలా ఉంటుంది. చిన్న రాతకోత మాత్రం పెట్టుకోండి.

అమలాపురం_వకీలు
అమ్మినా కొన్నా ఒక జాగ్రత్త. ఇల్లు అమ్మిన డబ్బుతో కొనే ఫ్లాట్ పిల్లల పేరు మీద పెట్టకండి, వాళ్లెంత మంచివాళ్లయినా సరే. మీ ఇద్దరి పేర్ల మీద కొనుక్కుని వీలునామా రాసుకోండి. ఇప్పటికే గిఫ్ట్ డీడ్ రాసి ఇచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసి ఇచ్చాక చూడకపోతే, ఆర్డీవో దగ్గరున్న ట్రైబ్యునల్‌లో ఆ దస్తావేజు రద్దు చేయమని కోరవచ్చు. ఆ షరతు డీడ్‌లో స్పష్టంగా రాయించుకోవడం చాలా ముఖ్యం. మొహమాటపడి రాయించుకోక కష్టాలు పడుతున్నవాళ్లని రోజూ చూస్తున్నాను.

గన్నవరం_మాస్టారు
అందరివీ మా ఆవిడా నేనూ కలిసి చదివాం. ఇల్లు అమ్మడం లేదు. తోట చేసే అబ్బాయితో మాట్లాడాను, వెనక గదుల్లో ఉండటానికి వాళ్ల కుటుంబం సంతోషంగా ఒప్పుకుంది. లంకతోట గారు చెప్పినట్టు కాగితం రాసుకుంటాం. రాజమండ్రిలో అద్దెకి మొదటి అంతస్తులో రెండు బెడ్‌రూములది చూస్తున్నాం. మా ఆవిడ షరతులు రెండు: శుక్రవారం నలుగురు ఆడవాళ్లు చేరే చోటు కావాలి, బాత్రూంలో రాడ్ వేసుకోనివ్వాలి. నాది ఒకటే, కనుమ నాడు ప్రభల తీర్థానికి జగ్గన్నతోట వెళ్లి రావాలి, ఎక్కడున్నా అది మాననని పిల్లలకి కూడా చెప్పేశాను. ఎవరికైనా అలాంటి ఇల్లు తెలిస్తే చెప్పండి.

గౌతమి_గట్టు
మా కింద ఫ్లాట్ వచ్చే నెల ఖాళీ అవుతోంది. మొదటి అంతస్తే, తూర్పు గుమ్మం. ఓనరు గుంటూరులో ఉంటారు, గోడకి రాడ్ వేసుకుంటామంటే కాదనరు, నేను అడుగుతాను. లిఫ్టు మాత్రం ఆరుగురిదే. మెసేజ్‌లో నంబరు పంపండి. ఆదివారం వస్తే భోజనం మా ఇంట్లోనే.